ఇంద్రియాలకూ అజీర్ణం చేస్తుంది
వీడియో ఆటల అలసటకు లంఘనమే తొలి ఔషధం

ఆకలి లేనివానికి పంచభక్ష్యాలు వడ్డించినా రుచించవు. అప్పుడు వంటను నిందించడం అవివేకం. అదే వంటను మరికొంత వడ్డించుకొనడం అంతకు మించిన అవివేకం. అందుచేతనే గురుకులంలో మా గురువుగారు రోగిని మొదట అడుగవలసిన ప్రశ్న “ఏమి తిన్నావు?” అన్నది కాదని, “ముందు తిన్నది అరిగినదా?” అన్నదని చెప్పేవారు. అన్నం విషయంలో ఇంటింటా తెలిసిన ఈ సంగతి కంటికి, చెవికి, మనస్సుకు కూడా వర్తిస్తుందని చాలామందికి తోచదు.

కొంతకాలంగా నా వద్దకు వచ్చే యువకులలో ఒక క్రొత్త బాధ కనబడుతున్నది. వయస్సు పాతిక, ముప్ఫై నడుమ. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, విశాఖపట్నంలోనో ఉద్యోగం. పండుగకు పొందూరు వచ్చినప్పుడు తల్లి వెంటబెట్టుకొని తీసుకువస్తుంది. కళ్ల మంట, మెడ పట్టు, నిద్రలేమి తల్లి చెప్పే బాధలు. ఆమె బయటికి వెళ్లిన తరువాత అతడు చెప్పేది వేరు. “చిన్నప్పటినుంచి వీడియో గేములంటే ప్రాణమండీ. ఇప్పుడు కొన్నవి యాభై ఉన్నాయి. ఏది తెరిచినా పది నిమిషాలకే విసుగొస్తోంది. మానేద్దామంటే మనసొప్పదు, ఆడదామంటే ఇష్టం పుట్టదు. అయినా రాత్రి రెండు దాటేదాకా దాని ముందే కూర్చుంటున్నాను.”

దీనిని ఈ కాలంవారు గేమింగ్ ఫెటీగ్ అంటున్నారు. మనం ఆటల అలసట అందాం. తల్లి దృష్టిలో ఆట విషం. కొడుకు దృష్టిలో అది చేజారిపోయిన ఇష్టం. ఇద్దరికీ నేను చెప్పే మాట ఒకటే. ఇది ఇంద్రియాల అజీర్ణం. అజీర్ణానికి అన్నాన్ని శాశ్వతంగా మాన్పించము, రుచి పుట్టించడానికని కారం మసాలా పెంచము. కడుపుకు ఏ క్రమంలో వైద్యం చేస్తామో ఇక్కడా అదే క్రమం.

మిల్లు బట్ట, చేతి నేత

వీడియో ఆటలన్నీ ఒకే జాతి కావు. పొందూరువారికి ఈ భేదం చెప్పడం తేలిక. మిల్లు బట్ట ఒకటి, మన సన్న ఖద్దరు మరొకటి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, దూది ఏకి, రాట్నంపై 100 కౌంటు నూలు వడికే పని మన ఊరిలో నేటికీ చేతుల మీదనే సాగుతుంది. అదే విధంగా వందలాది ఉద్యోగులతో, కోట్ల పెట్టుబడితో తయారయ్యే ఆటలు కొన్ని. ఒక్కరో, నలుగురైదుగురో కలిసి తమ మనస్సుకు నచ్చినట్లు తయారుచేసే ఆటలు మరికొన్ని. ఈ రెండవ రకానికి ఇండీ గేములని పేరు. అనగా స్వతంత్రుల ఆటలు. పెద్ద ప్రచురణ సంస్థల చెప్పుచేతలలో లేనివి.

అమెరికాకు చెందిన ఎరిక్ బరోన్ అనే యువకుడు సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఒంటరిగా శ్రమించి, బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తానే సమకూర్చి, 2016లో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అనే వ్యవసాయపు ఆటను విడుదల చేసినాడు. పొలం దున్నడం, నీరు పెట్టడం, పంట కోయడం, ఊరివారితో స్నేహం చేయడం అందులోని పని. పుణె నగరానికి చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో ‘రాజీ’ అనే ఆటను తెచ్చినది. అసురులు ఎత్తుకుపోయిన తమ్ముని వెదుక్కుంటూ వెళ్లే బాలిక కథ అది. మన హైదరాబాదులోనే ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ 2017లో ‘అసుర’ అనే కత్తియుద్ధపు ఆటను విడుదల చేసినది. ఓడిన ప్రతిసారీ దారులు మారిపోయి, ఆట మళ్లీ మొదటినుండి ఆరంభమవుతుంది.

గృహిణులకు మరింత దగ్గరైనది ‘వెన్బా’. కెనడాలోని టొరంటో నగరానికి చెందిన విసై గేమ్స్ 2023లో దీనిని విడుదల చేసినది. 1980ల నాటికి కెనడాలో స్థిరపడిన ఒక తమిళ కుటుంబం కథ. తల్లి నుండి తెచ్చుకొన్న వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. లోపించిన మెట్టు ఏదో ఆలోచించి వంట పూర్తి చేయడమే ఆట. ఇడ్లీ పాత్రలో రేకులను సరిగా అమర్చడం కూడా అందులో ఒక చిక్కుముడి. పరభాషలో పెరిగే కొడుకు తల్లి భాషకు, తల్లి వంటకు దూరమవుతాడు. న్యూజెర్సీలోనో, డల్లాస్‌లోనో మనుమలున్న మన తెలుగు ఇళ్లవారికి ఆ కథ అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు. తొలి ప్రయత్నంగా వచ్చిన ఆటలకు ఇచ్చే బాఫ్టా బహుమతిని 2024లో ఇది అందుకొన్నది. గంటన్నర, రెండు గంటలలో ఆట ముగుస్తుంది.

ఆ చివరి వాక్యాన్ని పాఠకులు ప్రత్యేకంగా గమనించవలెను. ఆట ముగుస్తుంది.

ముగింపు ఉన్నదా, లేదా?

ఆయుర్వేదం వినోదానికి శత్రువు కాదు. ప్రీతిని కలిగించేవాటిలో సంతోషానికి అగ్రస్థానమని, రోగాన్ని పెంచేవాటిలో విషాదానికి అగ్రస్థానమని చరకుని అభిప్రాయం. మన అమ్మమ్మలు అష్టాచెమ్మా ఆడినారు. వామన గుంటలు ఆడినారు. అరుగులపై గీసిన గళ్లలో పులి, మేక ఆడినారు. ఆ ఆటలలోనూ పంతాలున్నవి, అలకలున్నవి. అయితే గుంటలలో గింజలు చెల్లగానే ఆట ముగిసేది. పులి కదలలేకపోతే ఆట ముగిసేది. దీపాలు పెట్టే వేళకు పీట ఎత్తి లేచేవారు.

నూలు వడికే స్త్రీలను చూడండి. సన్న నూలు పని కంటికి, వేళ్లకు, నడుముకు ఎంత శ్రమ! అయినను ఆ శ్రమకు కొలత ఉన్నది. చిలప పూర్తికాగానే చేతిలో ఫలం కనబడుతుంది, మనస్సు విరామం కోరుతుంది. దారం సాగుతూనే ఉండి చిలప ఎన్నటికీ పూర్తికాదంటే, ఏ మహా నేర్పరికైనా నాలుగవ రోజుకు ఆ పని మీద విరక్తి కలుగుతుంది. శ్రమను మించి అలసట కలిగించేది అంతులేనితనం.

నేడు సెల్‌ఫోనులో ఉచితంగా లభించే అనేక ఆటలు ఈ విధంగా అంతులేనివి. రోజూ తెరిస్తే బహుమానం ఇస్తాయి. ఒక్క రోజు తెరవకపోతే పోగుచేసిన వరుస తెగిపోయినదని బెదిరిస్తాయి. మనం మరచినా గంట కొట్టి పిలుస్తాయి. ఇవి ఆకలి తీర్చడానికి వండినవి కావు, ఆకలి తీరకుండా ఉంచడానికి వండినవి.

ఇండీ ఆటలలో ముగింపు గలవి హెచ్చు గనుక అలసినవారికి అవి అనుకూలం. అంతమాత్రాన ఇండీ అనగానే పథ్యమని భ్రమపడరాదు. 2022లో పూర్తిరూపంలో వచ్చిన ‘వాంపైర్ సర్వైవర్స్’ చిన్న ఆటే. ఒక్కొక్క పందెం ఎక్కువలో ఎక్కువ 30 నిమిషాలు. దానిని తయారుచేసిన లూకా గలాంటే పూర్వం జూదపు ఆటల పరిశ్రమలో పనిచేసినవాడు; తళుకులతో, మోతలతో మనిషిని కట్టిపడవేసే విద్య తెలిసినవాడు. 30 నిమిషాలు కాగానే “ఇంకొక్కటి” అని చేయి దానంతట అదే ముందుకు పోతుంది. 2024లో వచ్చిన పేకముక్కల ఆట ‘బలాట్రో’ సంగతీ ఇంతే. ఆవకాయ ఇంట్లో పెట్టినదైనంత మాత్రాన జాడీ అంతా ఒక్కపూటలో తినము కదా.

స్టార్‌డ్యూ వ్యాలీలో ఒక చిత్రమున్నది. అందులోని రైతు ఉదయం ఆరింటికి లేస్తాడు. పనిచేసేకొద్దీ అతని ఓపిక తరుగుతుంది. రాత్రి రెండు గంటలైనా పడుకొనకపోతే సొమ్మసిల్లి పడిపోతాడు; మరునాడు నీరసంగా లేస్తాడు. అతడు నిద్రించితే తప్ప ఆ రోజు చేసిన పని భద్రం కాదు. బొమ్మ రైతుకు ఇంత చక్కటి దినచర్యను విధించిన ఆటను, ఆడేవాడు తెల్లవారుజామున మూడింటివరకు ఆడుతూ ఉంటాడు! బొమ్మకు నిద్ర, మనిషికి జాగరణం. ఇదే ప్రజ్ఞాపరాధం. తెలిసి చేసే తప్పును మన శాస్త్రం రోగకారణాలలో ఒకటిగా లెక్కించినది.

మూడు దోషాలు

భోజనంలో మూడు దోషాలను మన పూర్వులు చెప్పినారు. ఆటల అలసటలోనూ ఆ మూడింటినే నేను చూస్తున్నాను.

మొదటిది సమశనం. పథ్యాన్ని, అపథ్యాన్ని కలిపి తినడం. అన్నం తింటూ ఆడడం, ఆడుతూ ప్రక్క తెరపై వేరొక వీడియో చూడడం, నడుమ నడుమ సందేశాలకు బదులివ్వడం ఇటువంటివే. నోటికి అన్నం రుచి తెలియదు, మనస్సుకు ఆట రుచి తెలియదు.

రెండవది విషమాశనం. వేళ తప్పి తినడం, మితం తప్పి తినడం. వారమంతా ముట్టక, శనివారం రాత్రి తొమ్మిది గంటలు ఏకధాటిగా ఆడడం ఈ కోవలోనిది. రాత్రి మేలుకొనడం శరీరంలో రూక్షతను పెంచి వాతాన్ని ప్రకోపింపజేస్తుంది.

మూడవది అధ్యశనం. ముందు తిన్నది అరగకుండానే మరల తినడం. నా దృష్టిలో ఆటల అలసటకు ప్రధాన హేతువు ఇదే. అంగడివారు ధర తగ్గించినారని ఒకేసారి పది ఆటలు కొంటారు. ఒకటి పూర్తికాకముందే రెండవది తెరుస్తారు. రెండవదానిలో చిక్కు రాగానే మూడవదానికి మారుతారు. ఏ కథా మనస్సులో ఇంకదు, ఏ నేర్పూ చేతికి పట్టుబడదు. యాభై ఆటలున్నవన్న సంతోషం పోయి, యాభై ఆటలు మిగిలిపోయినవన్న బరువు మిగులుతుంది. ఆడడం కూడా తీర్చవలసిన బాకీ వలె తోస్తుంది. అప్పుడు పుట్టే విసుగు ఆటపై అసహ్యం కాదు. “ఇంకా అరగలేదు, కొంచెం ఆగు” అని మనస్సు చెప్పే మాట అది.

శరీరంలో కనబడే లక్షణాలు

తెరను తదేకంగా చూసేటప్పుడు మనిషి రెప్ప వాల్చడం తగ్గిపోతుంది. అందువల్ల కంటి తడి ఆరి మంట, గరగర, చూపు మసక కలుగుతాయి. దగ్గరి వస్తువునే గంటలకొద్దీ చూడడం వల్ల కంటి కండరాలు బిగిసి నొసట నొప్పి వస్తుంది. మెడ ముందుకు వంచి కూర్చోవడం వల్ల మెడ, భుజాలు పట్టివేస్తాయి. బొటనవ్రేలిని, మణికట్టును ఒకే తీరున కదిలించడం వల్ల అక్కడి స్నాయువులు వాచి పోటు పుడుతుంది. కదలిక లేనందున అగ్ని మందగించి కడుపు ఉబ్బరిస్తుంది.

వీటన్నిటికంటె హానికరమైనది వేగధారణం. ఆపరాని సహజ వేగాలు పదమూడని శాస్త్రం. ఆటలో మునిగినవాడు వాటిలో మూత్రాన్ని, ఆకలిని, దప్పికను, ఆవులింతను, నిద్రను ఒకే రాత్రిలో ఆపుకొంటాడు. ఐదు వేగాలను ఆపుకొన్న శరీరం మరునాడు ఉత్సాహంగా ఉండవలెనని కోరడం అత్యాశ.

చికిత్సా క్రమం

1. లంఘనం: ముందుగా మూడు రోజులు, అలసట తీవ్రమైతే ఏడు రోజులు ఆటలకు పూర్తిగా సెలవు. ఈ రోజులలో ఆటలకు బదులు చిన్న చిన్న వీడియోలు చూస్తూ కూర్చోవడం లంఘనం కాదు. అది ఉపవాసమని చెప్పి రెండు పళ్లేల ఉప్మా తినడం వంటిది. సాయంకాలం అరగంట నడక, చేతితో చేసే ఏదైనా పని, ఇంటివారితో సంభాషణ ఇవే పథ్యం. లంఘనం ఫలించినదనడానికి గుర్తులు మూడు: నిద్ర సకాలంలో వస్తుంది, శరీరం తేలికపడుతుంది, ఫలానా ఆట ఆడితే బాగుండునని కోరిక దానంతట అదే పుడుతుంది. ఈ మూడవ గుర్తు కనబడకముందే మరల ఆరంభించరాదు.

2. సంసర్జనం: లంఘనం తరువాత వెంటనే పులిహోర పెట్టము. మొదట పలుచని గంజి, పిదప చిక్కని జావ, ఆపైన మెత్తని అన్నం. ఆటలోనూ ఈ క్రమాన్నే పాటించవలెను. మొదటి వారం గంజి వంటి ఆట ఒక్కటే. వెన్బా అట్టిది. 2019లో ఆడమ్ రాబిన్సన్-యూ తయారుచేసిన ‘ఎ షార్ట్ హైక్’ కూడా అట్టిదే. ఒక చిన్న పక్షి కొండ శిఖరానికి ఎక్కడమే అందులో పని. అదీ ఎందుకు? ఫోనుకు సిగ్నలు అందడం కోసం! తొందరపెట్టే గడియారం లేదు, చంపే శత్రువు లేడు. 2021లో వచ్చిన ‘అన్‌ప్యాకింగ్’ ఆటలో ఇల్లు మారినప్పుడు పెట్టెలు విప్పి సామాను సర్దడమే పని. సర్దే వస్తువులనుబట్టి ఒక స్త్రీ జీవితకథ మనకు తెలుస్తుంది. రోజుకు అరగంట చాలును. ఒకటి పూర్తయిన తరువాత కనీసం రెండు రోజులు మరొకటి తెరవరాదు. ఆ రెండు రోజులలో ఆ ఆట కథను ఇంట్లో ఎవరికైనా చెప్పండి. చూచినదానిని మాటలలో పెట్టగలిగితే అది అరిగినట్లే.

రెండవ, మూడవ వారాలలో నాలుగైదు రోజులకు వచ్చే ఆటను తీసుకొనవచ్చును. ఆ తరువాతనే స్టార్‌డ్యూ వ్యాలీ వంటి సుదీర్ఘమైన ఆటలు. అందులో ఒక దినం మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. రెండు దినాలంటే అరగంట. రైతు రెండవసారి పక్క మీద వాలగానే ఆడేవాడు కూడా లేవవలెను.

3. పాదాంశిక క్రమం: విసుగు కాక, వ్యసనమే స్థిరపడినవారికి ఈ పద్ధతి. అలవాటైన అపథ్యాన్ని ఒక్కసారిగా మాన్పరాదని, నాలుగవ వంతు చొప్పున తగ్గిస్తూ ఆ చోట పథ్యాన్ని నాలుగవ వంతు చొప్పున చేర్చవలెనని మన శాస్త్రం చెబుతున్నది. శాస్త్రం దినాల లెక్క చెప్పినది. ఈ కాలపు అలవాట్ల బలాన్నిబట్టి నేను వారాల లెక్క చెబుతాను. రోజుకు నాలుగు గంటలు ఆడేవాడు మొదటి వారం మూడు, రెండవ వారం రెండు, మూడవ వారం ఒక గంటకు రావలెను. తగ్గించిన గంటను ఖాళీగా విడువరాదు. నడక, వ్యాయామం, సంగీతం, వంట ఏదో ఒకటి అక్కడ నిలుపవలెను. ఖాళీ చోటికి పాత అలవాటే తిరిగి వస్తుంది.

ఇంటింటా చేయదగిన ఉపచారాలు

• ప్రతి 20 నిమిషాలకు ఒకసారి తెరనుండి చూపు మరల్చి, 20 అడుగుల కంటె దూరంలోని చెట్టునో, గోపురాన్నో 20 సెకన్లపాటు చూడవలెను. ఆ సమయంలో నాలుగైదుసార్లు నిండుగా రెప్పలు వాల్చి తెరవవలెను.

• కళ్లు మండుతున్నప్పుడు శుభ్రమైన దూదిని చల్లార్చిన కాచిన నీటిలో తడిపి, లేక కీరదోస చక్రాలను, మూసిన రెప్పలపై పది నిమిషాలు ఉంచవలెను. తేనె, ఆకుపసర్లు, నిమ్మరసం మున్నగువానిని కంటిలో వేయరాదు. త్రిఫలా కషాయంతో కళ్లు కడుగుట వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను. సరిగా వడకట్టని కషాయం కంటికి మేలు కంటె కీడు చేస్తుంది.

• పాదాభ్యంగం: పడుకొనేముందు నువ్వుల నూనెను గోరువెచ్చన చేసి, అరికాళ్లకు ఐదు నుండి పది నిమిషాలు మర్దించి, గుడ్డతో తుడుచుకొనవలెను. చూపుకు హితమని, నిద్రను ఇస్తుందని దినచర్యలో చెప్పిన ఉపచారమిది. తల్లి చేతితో చేస్తే, ఆట విషయంలో నాలుగు మాటలు మెత్తగా చెప్పడానికీ అదే మంచి సమయం.

• త్రిఫలా చూర్ణం అర టీస్పూను రాత్రి గోరువెచ్చని నీటితో పుచ్చుకొన్నచో మలబద్ధకం తొలగి తల తేలికపడుతుంది. గర్భిణులు, విరేచనాలున్నవారు వాడరాదు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడిగి వాడవలెను.

• ఆహారంలో పొన్నగంటి కూర, మునగాకు, ఉసిరిక తరచుగా ఉండవలెను. ఇవి పోషకాలు. వీటివల్ల కళ్లజోడు ఊడిపోతుందని ఆశించరాదు.

• మెడ, మణికట్టు నొప్పులకు గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, వావిలాకు వేసి కాచిన నీటిలో గుడ్డ ముంచి పిండి కాపడం పెట్టవలెను. వేడి చర్మానికి ఓర్చుకొనదగినంతే ఉండవలెను.

• నిద్రపట్టని పెద్దలు గోరువెచ్చని పాలలో చిటికెడు జాజికాయ పొడి కలుపుకొని త్రాగవచ్చును. చిటికెడుకు మించరాదు. పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరాదు.

• వేగంగా కదిలే దృశ్యాలున్న ఆటలలో కొందరికి తల తిరిగి వికారం పుడుతుంది. వెంటనే ఆట ఆపి, గాలి తగిలే చోట కూర్చుని, చిన్న అల్లం ముక్కను ఉప్పుతో నమలవలెను. దృశ్యపు ఊపును తగ్గించే ఏర్పాటు అనేక ఆటలలోనే ఉంటుంది, దానిని వాడుకొనవలెను.

• ఆడుతూ నమిలే నూనె చిరుతిండ్లకు బదులు, ఆటకు ముందే పలుచని మజ్జిగ కలిపిన చోడి అంబలి ఒక గ్లాసు త్రాగి కూర్చోవలెను. ఆడేటప్పుడు చేతిలో తిండి ఉండరాదు.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

పిల్లవాని చేతినుండి ఫోను లాగివేయడం విస్తరి ముందునుండి లేపడం వంటిది. కోపం తప్ప ఫలం లేదు. “ఎక్కడ ఆపడానికి వీలవుతుంది, బాబూ?” అని అడగండి. ప్రతి ఆటలోనూ ఒక మజిలీ ఉంటుంది. అక్కడ ఆపడానికి మాట తీసుకోండి. ఆ మాటను మీరూ గౌరవించండి. ఒక్కసారైనా ప్రక్కన కూర్చుని ఆ ఆటను చూడండి. అంతవరకు మీరు దేనిని నిషేధిస్తున్నారో మీకే తెలియదు.

ఏదైనా ఆటను ఇంటిలోనికి రానిచ్చేముందు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. దీనికి ముగింపు ఉన్నదా? నడుమ ఆపడానికి వీలున్నదా? ఒకసారి కొన్న తరువాత మరల మరల డబ్బు అడుగుతుందా? మొదటి రెండింటికి అవునని, మూడవదానికి కాదని సమాధానం వస్తే ఆ ఆటను మితంగా అనుమతించవచ్చును.

డబ్బు పందెపు ఆటల సంగతి పూర్తిగా వేరు. రమ్మీ వంటి ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టాన్ని ఆమోదించినది. అవి ఆటలు కావు, జూదాలు. వాటికి పాదాంశిక క్రమం కూడా చెప్పను. ఈ క్షణమే మానడమే మందు.

చిన్నపిల్లలు పగటివేళ ఆరుబయట ఎంత ఎక్కువసేపు గడిపితే హ్రస్వదృష్టి ముప్పు అంత తగ్గుతుందని నేటి నేత్రవైద్యుల పరిశోధనలు తేల్చినవి. కనుక బడినుండి రాగానే తెర కాదు, ముందు వీధి. పడకకు గంట ముందు తెరలన్నీ ఆరిపోవలెను. రాత్రివేళ ఫోను పిల్లల పడకగదిలో ఉండరాదు. పెద్దల ఫోనులు కూడా అదే బల్ల మీద చేరితేనే ఈ నియమం నిలుస్తుంది.

వైద్యుని చూడవలసిన సందర్భాలు

ఆటపై అదుపు తప్పడం, చదువు, ఉద్యోగం, తిండి, నిద్రలకంటె ఆటకే ప్రాధాన్యమివ్వడం, హాని జరుగుతున్నదని తెలిసినా ఆపలేకపోవడం — ఈ లక్షణాలు సుమారు ఏడాదిపాటు కొనసాగితే దానిని రోగంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. 2019లో ఆమోదించిన ఆ రోగాల వర్గీకరణ 2022 జనవరినుండి అమలులోనికి వచ్చినది. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఇటువంటివారి కోసమే 2014లో ప్రత్యేక చికిత్సాలయం ఏర్పడినది. కేంద్రప్రభుత్వపు టెలి మానస్ సహాయకేంద్రాన్ని 14416 నంబరుకు ఫోను చేసి సంప్రదించవచ్చును. మానసిక వైద్యుని చూడడం అవమానమని భావించరాదు.

మెరుపులవలె మెరిసే దృశ్యాలు చూసినప్పుడు మూర్ఛ వచ్చినా, ఒక వస్తువు రెండుగా కనబడినా, చూపు హఠాత్తుగా తగ్గినా, చేతివ్రేళ్లు మొద్దుబారినా గృహచికిత్సలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. ఆటలపైనే కాక అన్నిటిపైనా ఇష్టం నశించి, దిగులు రెండు వారాలకు మించి ఉంటే అది ఆటల అలసట కాదు. దానికీ వైద్యుని సలహా అవసరం.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒక పని చేసి చూడండి. కొడుకో, మనుమరాలో ఫోను ప్రక్కన పెట్టి ఇంట్లోని పెద్ద తెర మీద వెన్బాను పెట్టమనండి. ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఇడ్లీ రేకులు ఎలా అమర్చాలో అమ్మమ్మ చెబుతుంది, పిల్లలు అమరుస్తారు. రెండు గంటలలోపు ఆట అయిపోతుంది. తెర ఆర్పివేసి, నానబెట్టిన మినపప్పును రుబ్బడానికి అందరూ వంటింట్లోనికి వెళ్లండి.